బడి తోట: బొగ్గు ఊళ్ళో ఆకుకూర పండించే ముందు తెలుసుకోవాల్సింది

జ్యోతినగర్ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో టాపిక్ బడి తోట. అంటే స్కూల్ ఆవరణలోనే మందులు కొట్టకుండా ఆకుకూరలు, కూరగాయలు పండించి మధ్యాహ్న భోజనంలో పిల్లలకి పెట్టడం. దీని మీద వీడియోలు బోలెడున్నాయి. కానీ మన రామగుండం, గోదావరిఖని వైపు చేయాలంటే ఇంకో రెండు ముచ్చట్లు తెలియాలి.

ముందు లెక్క చూద్దాం. మధ్యాహ్న భోజన పథకం ప్రకారం ప్రైమరీ పిల్లలకి రోజుకి 50 గ్రాముల కూరగాయలు, అప్పర్ ప్రైమరీకి 75 గ్రాములు పెట్టాలి. 2025 మే 1 నుంచి వంట సామాన్ల ఖర్చు కింద ప్రైమరీ పిల్లలకి ఒక్కొక్కరికి 6 రూపాయల 78 పైసలు ఇవ్వాలని నిర్ణయించారు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాన్లు, పొయ్యి ఖర్చు అన్నీ అందులోనే. టమాట ధర పెరిగిన వారం పిల్లల పళ్ళెంలో ఏం తగ్గుతుందో మీకే అర్థమవుతుంది. బడి తోట అవసరం అక్కడ ఉంది.

ఇప్పుడు వంద మంది ప్రైమరీ పిల్లలున్న బడి అనుకుందాం. వందని 50తో గుణిస్తే రోజుకి 5 కిలోలు. తోటకూర బాగా పెరిగితే చదరపు మీటరుకి సుమారు కిలో వస్తుందనుకోండి. మీటరు వెడల్పు, 5 మీటర్ల పొడవున్న ఒక మడి అంటే ఒక రోజు కూర. తోటకూర కోతకి రావడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. కాబట్టి అలాంటి మడులు ఐదు చేసి, వారానికి ఒకటి చొప్పున విత్తితే, వారానికి ఒక రోజు తాజా ఆకుకూర ఖాయం. అన్ని మడుల్లో ఒకే రోజు విత్తితే అంతా ఒకేసారి కోతకొచ్చి, తర్వాత నెల రోజులు ఖాళీ. వెడల్పు మీటరే ఎందుకంటే, పిల్లలు మడి తొక్కకుండా రెండు వైపుల నుంచీ చెయ్యి పెట్టగలగాలి.

అంటే తోట మొత్తం కూరగాయల ఖర్చు తీర్చదు. వారంలో ఒక రోజు తీరుస్తుంది. ఆ మాట ముందే అనుకుంటే ఎవరూ నిరాశపడరు.

ఇప్పుడు అసలు విషయం, బూడిద. మన అమ్మమ్మలు పేనుబంక పడితే మొక్కల మీద బూడిద చల్లేవాళ్ళు. నిజమే, అది కట్టెల పొయ్యి బూడిద. మన దగ్గర ఎక్కువ దొరికేది బొగ్గు బూడిద. రెంటికీ పేరు ఒకటే, గుణం వేరు. బొగ్గు బూడిదలో బోరాన్ ఎక్కువ ఉండొచ్చు. ఆర్సెనిక్, సీసం లాంటివి కూడా కొంచెం కొంచెం ఉంటాయి. 1983లో మొదటి యూనిట్ మొదలైన కరెంట్ ప్లాంట్ పక్కన ఉంటున్నాం, చుట్టూ బొగ్గు లారీల రోడ్లు. అందుకే "ఊరికే వస్తుంది కదా" అని మడులు నింపడానికి ఆ బూడిద తేవద్దు. ఇంట్లో బొగ్గుల పొయ్యి బూడిదైనా అంతే.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఆర్గానిక్ అనే పదం మనం ఏం వేయలేదో చెప్తుంది. నేలలో ముందే ఏముందో చెప్పదు. మరి తెలిసేదెట్లా? సాయిల్ హెల్త్ కార్డు పరీక్షలో 12 అంశాలు చూస్తారు, వాటిలో పీహెచ్, బోరాన్ ఉంటాయి. సీసం, ఆర్సెనిక్ ఉండవు, వాటికి విడిగా ల్యాబ్‌లో చేయించాలి. మన పెద్దపల్లి జిల్లాకి రామగిరిఖిల్లాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మట్టి పరీక్ష ఎక్కడ ఎట్లా చేయించాలో అక్కడ అడగండి.

నేల మీద అనుమానం ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఇటుకలతో అడుగు ఎత్తు గట్టు కట్టి, మంచి చోటు నుంచి తెచ్చిన మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపడం. రెండు, ఆకుకూరలు, దుంపలు తగ్గించి బెండ, బీర, సొర, గోకరకాయ పెట్టడం. సాధారణంగా లోహాలు ఆకుల్లో, వేర్లలో చేరినంతగా కాయల్లో చేరవు. ఆకు మీద పడిన దుమ్ము రెండు మూడు నీళ్ళల్లో జాడిస్తే చాలావరకు పోతుంది. వేరు పీల్చుకున్నది మాత్రం ఎంత కడిగినా పోదు. మడులు రోడ్డు వైపు కాకుండా బిల్డింగ్ వెనక పెడితే దుమ్ము కూడా తగ్గుతుంది.

పురుగుకి వేపగింజల కషాయం చాలు. లీటరు నీళ్ళకి 50 గ్రాముల గింజల పొడి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి సాయంత్రం పూట కొట్టాలి. ఎరువుకి వంటగదిలో వచ్చే తొక్కలు, ఆవరణలో రాలే ఆకులు గుంతలో పొరలుగా వేయండి. ఆకులు తగలబెట్టొద్దు, అది మీ వచ్చే సంవత్సరం ఎరువు.

ఇంకొకటి, క్యాలెండర్. బళ్ళు జూన్ రెండో వారంలో తెరిచి ఏప్రిల్ చివర్లో మూస్తారు. మన ఎండలు తెలుసు కదా, 45 డిగ్రీలు దాటుతాయి. సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక చాలా తోటలు అప్పుడే పోతాయి. అందుకని ఏప్రిల్‌లో ఆఖరి కోత కోసి, మడుల మీద ఎండుటాకులు మందంగా కప్పి వదిలేయండి. జూన్ వానలకి తోటకూర, పుంటికూర, కంచె మీదికి బీర. చలికాలం పాలకూర, మెంతి, టమాట. ఏడాదంతా ఉండే మునగ, కరివేపాకు రెండు మూడు చెట్లు చాలు. చేతులు కడిగిన నీళ్ళు, సబ్బు లేనివైతే, వాటి పాదుల్లోకి మళ్ళించండి. ఆకుకూర మడుల్లోకి వద్దు.

చివరిగా, వంట చేసే అక్కని అడగకుండా ఏదీ విత్తొద్దు. వంద మందికి పుంటికూర కాడల నుంచి ఆకు తెంపడం చిన్న పని కాదు. ఆ పని ఆమె నెత్తిన పడితే రెండో వారానికి తోటకూర వంటగది దాకా రాదు. కోసిన రోజు పిల్లలు, టీచర్లు కూర్చుని ఆకు తెంపి ఇస్తే పావుగంట పని. అందులోనే సైన్సు పాఠం ఉంది, తూకంలో లెక్కల పాఠం ఉంది.

2019లో కేంద్రం ఇచ్చిన స్కూల్ న్యూట్రిషన్ గార్డెన్ మార్గదర్శకాల్లో కూడా పెద్ద స్థలం అక్కర్లేదనే ఉంది. డాబా మీద, కుండీల్లో, డబ్బాల్లో అయినా పెంచొచ్చు. స్థలం లేని బడికి అదే దారి. పైగా మట్టి మీరే నింపుతారు కాబట్టి బూడిద భయం కూడా తక్కువ.

కాబట్టి మీ ఊరి బడిలో మొదలుపెట్టాలనుకుంటే విత్తనాల ప్యాకెట్ కొనేముందు మట్టి పరీక్షకి పంపండి. రిపోర్ట్ వచ్చాక ఒకే ఒక్క మడి చేయండి. అది కోతకొచ్చి పళ్ళెంలో పడ్డాక రెండోది. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.