సిగరెట్ మానేయాలనుకుంటున్నారా? డేట్ ఫిక్స్ చేసుకునే ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి!

"రేపటి నుంచి సిగరెట్ ముట్టను".. ఈ మాట ఎన్నిసార్లు అనుకుని ఉంటారు? అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు సిగరెట్ జోలికి వెళ్లని వాళ్లు కూడా, మాల తీసిన సాయంత్రమే టీ కొట్టు దగ్గర వెలిగించేస్తుంటారు. మరి వాళ్లకు విల్ పవర్ లేదా? 41 రోజులు ఆగగలిగారంటే ఉన్నట్టే కదా! అసలు విషయం ఏంటంటే.. వాళ్లు సిద్ధమైంది దీక్షకు. 42వ రోజుకు కాదు.

మీరు ఏ దశలో ఉన్నారు?

అమెరికా సైకాలజిస్టులు జేమ్స్ ప్రోచాస్కా, కార్లో డిక్లెమెంటే సొంతంగా సిగరెట్ మానేస్తున్న వాళ్లను పరిశీలించి 1983లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అలవాటు ఒక్క దెబ్బకు మారదు, దశల వారీగా మారుతుందన్నది వాళ్ల మాట. ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఆ దశలు 5.

1. అసలు ఆలోచనే లేదు: "మా తాత 80 ఏళ్లు బతికాడు, ఆయనకేమైంది?" అనే రకం.
2. ఆలోచిస్తున్నారు: ఆరు నెలల్లో మానేయాలని ఉంది, కానీ మనసు అటూ ఇటూ ఊగుతోంది.
3. సిద్ధమవుతున్నారు: నెలలోపే మానేయాలని ఏర్పాట్లు మొదలుపెట్టారు.
4. మానేశారు: ఇంకా ఆరు నెలలు దాటలేదు.
5. నిలబెట్టుకుంటున్నారు: ఆరు నెలలు దాటేసింది.

ఆ రెండు ప్రశ్నలు ఇవే

మానేయడం నాకు ఎంత ముఖ్యం? మానేయగలనన్న నమ్మకం ఎంత? రెండింటికీ 0 నుంచి 10 మధ్య మార్కులు వేసుకోండి. ముఖ్యం అన్నదానికి 4 వచ్చిందా? "10 ఎందుకు రాలేదు" అని తిట్టుకోకండి. "2 కాకుండా 4 ఎందుకు వేశాను" అని అడగండి. పాప దగ్గరికి రానివ్వట్లేదనో, మెట్లెక్కితే ఆయాసం వస్తోందనో.. వచ్చే జవాబే మీ అసలు కారణం. అది పక్కవాళ్లు చెప్పింది కాదు, మీది.

ముఖ్యం 9, నమ్మకం 3 వచ్చిందనుకోండి. మీకు కావాల్సింది క్లాస్ పీకడం కాదు, సాయం. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ కావాల్సి వస్తోందంటే శరీరం నికోటిన్‌కు బాగా అలవాటు పడినట్టే. అలాంటప్పుడు డాక్టర్‌ను కలిసి నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటి వాటి గురించి అడగండి. జాతీయ టొబాకో క్విట్ లైన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2356కు కాల్ చేస్తే కౌన్సెలింగ్ ఇస్తారు. గుట్కా, ఖైనీ మానేయాలనుకునే వాళ్లు కూడా కాల్ చేయొచ్చు.

మార్కులు తక్కువొస్తే ఆగాలా?

అవసరం లేదు. ఏ ప్లానూ లేకుండా ఒక్కసారిగా మానేసి నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ఈ మార్కులు మిమ్మల్ని ఆపడానికి కాదు.. ఎక్కడ బలం కావాలో చూపించడానికే.

మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం సహజం. తాగాలన్న కోరిక వచ్చినా సాధారణంగా కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ కాసేపు నీళ్లు తాగండి, నాలుగడుగులు వేయండి. మధ్యలో ఒకటి కాల్చేసినా కథ ముగిసిపోలేదు. ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు జారారో గుర్తు పెట్టుకోండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అదే పనికొస్తుంది.