అదురు తగ్గితేనే గురి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళలో జాతర జరిగితే రంగులరాట్నం పక్కన బూరల దుకాణం ఒకటి వెలుస్తుంది. తెరకు వరుసగా కట్టిన బూరలు, ముందు ఒక బల్ల, బల్ల మీద ఎయిర్‌గన్. కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి ఉత్సవాలకో, రావివలస ఎండల మల్లికార్జునుడి సన్నిధికో వెళ్ళే పలాస, టెక్కలి పిల్లల్లో చాలామందికి మొదట చేతికి అందే తుపాకీ ఇలాంటిదే. దానిలో మందుగుండు ఉండదు. ఒక ఉక్కు స్ప్రింగు, ఒక పిస్టన్, గుప్పెడు గాలి, అంతే. గొట్టాన్ని కిందికి విరిస్తే స్ప్రింగు ముడుచుకుని కొక్కేనికి చిక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది విచ్చుకుని పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి సీసపు పెల్లెట్‌ను తోస్తుంది.

ఇంత సులువైన యంత్రం గురి విషయంలో మాత్రం మహా మొండిది. పేల్చిన ప్రతిసారీ ‘టంగ్’మని మోగుతుంది, చేతిలో ఎగిరిపడుతుంది. నూరేళ్ళు దాటిన దీని చరిత్రలో సగానికి పైగా ఆ అదురును అణచడానికి పడిన పాటే. ఆ పాటు వెనక ఉన్న విజ్ఞానం తెలిస్తే, మూలన పడేసిన పాత ఎయిర్‌గన్ కూడా బుద్ధిగా గురి చూసే యంత్రంగా మారుతుంది.

గాలి తుపాకీ వయసు స్ప్రింగు తుపాకీ కంటే చాలా ఎక్కువ. బార్తొలోమియో జిరాందొనీ తయారుచేసిన గాలి రైఫిల్‌ను ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతంలోనే వాడింది. 1804లో అమెరికా పడమటి తీరానికి బయలుదేరిన లూయిస్, క్లార్క్ బృందం కూడా ఒక గాలి రైఫిల్‌ను వెంట తీసుకుపోయింది. అయితే వాటిలో గాలిని ముందుగానే పంపుతో తిత్తిలో నింపుకోవాలి. వెయ్యికి పైగా దెబ్బలు కొడితే గాని తిత్తి నిండేది కాదు. ప్రతి గుండుకూ అప్పటికప్పుడు గాలిని నొక్కే స్ప్రింగు, పిస్టన్ పద్ధతి 19వ శతాబ్దం రెండో సగంలో నిలదొక్కుకుంది. 1890లో జర్మనీలోని రాష్టాట్‌లో మేయర్ అండ్ గ్రామెల్‌స్పాకర్ సంస్థ మొదలై ‘డయానా’ పేరుతో లోకమంతా పాకింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో లింకన్ జెఫ్రీస్ 1904లో తన రైఫిల్‌కు పేటెంటు పొందితే, మరుసటి ఏడు నుంచి బీఎస్‌ఏ కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆటబొమ్మగా చూసే ఎయిర్‌గన్ నమ్మకంగా గురి చూసే రైఫిల్‌గా ఎదిగింది అప్పుడే.

ట్రిగ్గర్ నొక్కాక లోపల జరిగేదంతా సెకనులో నూరో వంతుకు అటూఇటూ ముగిసిపోతుంది. పిస్టన్ దూసుకొస్తుంటే ముందున్న గాలికి పారిపోయే దారి లేదు, ఎదురుగా సన్నని రంధ్రం, దాని వెనక పెల్లెట్ అడ్డు. పీడనం వాతావరణ పీడనానికి 80 రెట్ల దాకా ఎగబాకుతుంది. అంత హఠాత్తుగా నొక్కుకున్న గాలి వందల డిగ్రీల వేడెక్కుతుంది. పిస్టన్ ప్రయాణం దాదాపు పూర్తయ్యే వేళకు గాని పెల్లెట్ కదలదు. అప్పుడు ఆ వేడి గాలే పిస్టన్‌ను ఎదురుతోసి కాస్త వెనక్కి నెడుతుంది. అంటే పెల్లెట్ గొట్టంలో పరుగెత్తుతున్న సమయంలోనే తుపాకీ లోపల పెద్ద కుదుపు నడుస్తూ ఉంటుంది.

ఆ కుదుపు ఎంతో న్యూటన్ సూత్రంతో లెక్క వేయవచ్చు. రైఫిల్ 3 కిలోలు, పిస్టన్ 250 గ్రాములు, అది కదిలే దూరం 80 మిల్లీమీటర్లు అనుకుందాం. పిస్టన్ ముందుకు పోయినంతసేపూ రైఫిల్ వెనక్కి జరుగుతుంది. చేతులు అడ్డుకోకపోతే ఆ జరుగుడు దాదాపు 7 మిల్లీమీటర్లు. మామూలు తుపాకీ ఒక్క దిక్కుకే, వెనక్కే తంతుంది. స్ప్రింగు రైఫిల్ ముందు వెనక్కి తన్ని, పిస్టన్ చివర ఆగిన మరుక్షణం ముందుకు తంతుంది. ఈ రెండు వైపుల తన్నుకు మామూలు టెలిస్కోపుల లోపలి అద్దాలు సైతం కదిలిపోతాయి. రైఫిల్ గొట్టం గీత వెంటే నేరుగా వెనక్కి జరిగితే గురికి నష్టం లేదు. చేతి పట్టును బట్టి అది ఒక్కోసారి పైకి, ఒక్కోసారి పక్కకు వాలడమే చిక్కు. పది మీటర్ల దూరంలో పెట్టిన ఒలింపిక్ లక్ష్యంలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అలాంటి చోట తుపాకీ ప్రతిసారీ ఒక్కలాగే కదలడం తప్ప వేరే దారి లేదు.

ఇంజినీర్లు ఈ తన్నును రెండు దారుల్లో పట్టారు. జర్మన్ ఇంజినీరు కుర్ట్ గిస్ ఒక పిస్టన్‌కు ఎదురుగా మరో పిస్టన్ పెట్టి, రెండింటినీ పళ్ళచక్రంతో కలిపాడు. ఒకటి ముందుకు పోతే రెండోది అంతే వేగంతో వెనక్కి పోతుంది, తన్నుకు తన్ను చెల్లు. డయానా కంపెనీ పోటీ పిస్టళ్ళలో, రైఫిళ్ళలో ఈ ఏర్పాటు వచ్చింది. ఓబెర్న్‌డార్ఫ్ ఊరి ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ తన 300 రకం రైఫిల్‌లో ఇంకో ఉపాయం చేసింది. గొట్టం, పిస్టన్ ఉన్న ఇనుప భాగమంతా చెక్క బట్ లోపలి పట్టాల మీద స్వేచ్ఛగా వెనక్కి జారుతుంది. భుజానికీ చెంపకూ ఆనుకున్న చెక్క మాత్రం కదలదు. 1970లలో పోటీల్లో ఈ రైఫిల్‌కు తిరుగులేదు. ఈ దారుల్లో ఏదీ బలాన్ని పెంచలేదన్నది గుర్తుంచుకోవాలి. అదురును మచ్చిక చేసుకోవడమే వాళ్ళు చేసిన పని.

మామూలు ఎయిర్‌గన్‌కు రెండో పిస్టన్ పెట్టలేం. ట్యూనింగ్ అనే పని దానికి సరిపోతుంది. ఇందులో మొదటిది స్ప్రింగు. కొత్త తుపాకుల్లో చాలావాటికి స్ప్రింగు చివరలు కోసిన చోట గరుకుగా ఉంటాయి. స్ప్రింగు ముడుచుకునేటప్పుడు, విచ్చుకునేటప్పుడు కొద్దిగా మెలితిరుగుతుంది, అప్పుడు ఆ గరుకు అంచు ఉక్కును గీరుతుంది. ఆ చివరలను సమతలంగా అరగదీసి నునుపు చేయాలి. టెక్కలి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో రాయికి చేసినట్టే ఇక్కడా ముతక రాపిడితో మొదలుపెట్టి సన్నరకానికి దిగుతూ పోతే మెరుపు వస్తుంది.

రెండోది గైడ్, అంటే స్ప్రింగు లోపల నిలిచే కడ్డీ. స్ప్రింగుకూ గైడ్‌కూ మధ్య సందు ఉంటే స్ప్రింగు పక్కలకు కొట్టుకుని మోగుతుంది. వినే వాడికి ‘టంగ్’మన్నది ఒక శబ్దం, రైఫిల్‌కు మాత్రం అది గురిని చెడగొట్టే కంపనం. లేత్ మీద చేయి తిరిగిన మనిషి నైలాన్ కడ్డీని స్ప్రింగుకు బిగువుగా సరిపడేలా చెక్కి ఇస్తే ఆ మోత దాదాపు మాయమవుతుంది. పిస్టన్ లోపలి వైపు స్ప్రింగు తలకు కూడా చిన్న టోపీ లాంటి ముక్క చేర్చితే స్ప్రింగు నడిమధ్యన నిలుస్తుంది.

మూడోది పిస్టన్ సీలు. పాత తుపాకుల్లో తోలు, కొత్తవాటిలో ప్లాస్టిక్ రకం. సిలిండర్‌లో అది మరీ బిగువుగా ఉంటే వేగం పోతుంది, మరీ వదులైతే గాలి కారిపోతుంది. గొట్టం విరిచే చోట ఉండే వాషరు కూడా అంతే ముఖ్యం. అక్కడ సన్నని టిష్యూ కాగితం పెట్టి పేలిస్తే, కాగితం ఎగిరినప్పుడు గాలి కారుతోందని తేలిపోతుంది. చివరగా చెక్కను ఇనుముతో కలిపే స్క్రూలు. తుపాకీ గురి ఉన్నట్టుండి చెడిపోయిందంటే ముందు చూడాల్సింది ఇవే. రెండు వైపుల తన్నుకు అవి ఊడుతూనే ఉంటాయి. ట్రిగ్గర్ కొక్కేన్ని మాత్రం తెలియని వాళ్ళు గీకకూడదు. అది కాస్త ఎక్కువ అరిగితే తుపాకీ తనంతట తానే పేలుతుంది. బిగించి ఉన్న స్ప్రింగు విప్పితే మనిషి మీదికి దూకుతుంది కాబట్టి, దాన్ని పట్టి ఉంచే బిగింపు లేకుండా ఈ పనికి దిగకూడదు.

తరవాతిది నూనె. ఇక్కడే ఎక్కువ తుపాకులు పాడవుతాయి. పిస్టన్ ముందు నూనె చుక్క పడితే ఆ వేడి గాలిలో అది డీజిల్ ఇంజన్‌లో లాగా మండుతుంది. కొంచెం నూనె కాలడం ప్రతి స్ప్రింగు తుపాకీలోనూ ఉంటుందని బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌గన్ పరిశోధకులు కార్డ్యూలు 1970లలో చూపించారు. వాళ్ళు ఎయిర్‌గన్‌ను మండడానికి వీలులేని నత్రజనిలో పేల్చి చూస్తే వేగం బాగా పడిపోయింది. కాని నూనె ఎక్కువైతే చిన్న పేలుడే అవుతుంది. సీలు కాలిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది, ఒక్కో పెల్లెట్ ఒక్కో వేగంతో పోతుంది. ఉద్దానంలో చేతికి మొదట దొరికేది కొబ్బరి నూనె. దాన్ని ఎయిర్‌గన్‌లో వేయకూడదు. మంటకు తోడు, 24 డిగ్రీలకు దిగువన అది గడ్డకడుతుంది, చలికాలం పొద్దున పిస్టన్‌కు అడ్డం పడుతుంది. పిస్టన్ పక్కలకు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన గ్రీజును పలచగా పూయాలి, స్ప్రింగుకు చిక్కటి గ్రీజును కొద్దిగా అంటించాలి. ఇవి రాపిడిని తగ్గిస్తూనే కంపనాన్ని మింగేస్తాయి.

బారువ నుంచి వజ్రపుకొత్తూరు దాకా సముద్రం మీది ఉప్పు గాలి తగిలే చోట ఇంకో జాగ్రత్త కావాలి. ఉప్పు తేమను లాగుతుంది, తేమ తుప్పును తెస్తుంది. స్ప్రింగు మీద కంటికి ఆనని తుప్పు గుంట పడినా చాలు, వందలసార్లు ముడుచుకుని విచ్చుకున్నాక సరిగ్గా అక్కడే విరుగుతుంది. వాడిన ప్రతిసారీ బయటి ఇనుమును పలచని నూనె గుడ్డతో తుడవాలి. స్ప్రింగు ఎక్కించి ఎప్పుడూ ఉంచకూడదు, అది అలా ముడుచుకుని ఉంటే బలం కోల్పోతుంది. పెల్లెట్ లేకుండా పేల్చకూడదు, ఎదురు గాలి దిండు లేక పిస్టన్ సిలిండర్ గోడను నేరుగా గుద్దుకుంటుంది.

తుపాకీ ఎంత బాగున్నా పట్టు సరిగా లేకపోతే లాభం లేదు. కొత్తవాళ్ళు రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటారు. స్ప్రింగు రైఫిల్‌కు అది పనికిరాదు. ముందు చెక్క కింద అరచేయిని తెరిచి ఆసరాగా మాత్రం ఉంచాలి, భుజానికి తేలికగా ఆనించాలి. అప్పుడు రైఫిల్ తన దారిన తాను, ప్రతిసారీ ఒకే తీరుగా వెనక్కి జరుగుతుంది. పెల్లెట్ వెళ్ళిపోయే దాకా చూపును లక్ష్యం మీదే నిలపాలి.

బలమైన స్ప్రింగు వేస్తే గురి పెరుగుతుందన్నది పెద్ద అపోహ. బలమైన స్ప్రింగు అంటే బలమైన తన్ను, ఎక్కువ కంపనం, తొందరగా పాడయ్యే సీలు. పైగా మన దేశంలో 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేనిది 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టపు రంధ్రం, 20 జూళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్ మాత్రమే. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే శక్తి 7 జూళ్ళ పైచిలుకు. పది మీటర్ల పోటీకి అది సరిపోతుంది.

బలం వెంట పడొద్దన్న ఈ మాట ఇక్కడే ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, టెక్కలి మండలంలోనే తేలినీలాపురం ఉంది. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో నత్తగొట్టు కొంగలు దిగుతాయి. వాటిని పండగ చుట్టాల్లా చూసుకునే ఊళ్ళవి. ఎయిర్‌గన్ పెద్ద పక్షిని చాలాసార్లు చంపదు, గాయపరుస్తుంది. సీసం దిగిన పక్షి రోజుల తరబడి బాధపడి చనిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో ఎయిర్‌గన్‌తో కొట్టినా వేటే. ఎయిర్‌గన్ వేటతో అడవులు మూగబోతున్నాయని అరుణాచల్ ప్రదేశ్ 2021 మార్చిలో ఎయిర్‌గన్‌లను స్వచ్ఛందంగా అప్పగించే ఉద్యమాన్ని మొదలుపెట్టింది. మన దగ్గర పరిస్థితి అంత దూరం రాకూడదు.

అందుకు మంచి దారి, కుర్రాళ్ళ చేతిలోని ఈ యంత్రానికి సరైన లక్ష్యం చూపించడం. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ నుంచి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్ ఆట. 2012 లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ ఆ ఆటలోనే కాంస్యం గెలిచాడు. పై స్థాయి పోటీల్లో ఇప్పుడు స్ప్రింగు బదులు నింపిన గాలితో నడిచే రైఫిళ్ళు వాడతారు, అవి ఖరీదైనవి. కాని శ్వాసను, పట్టును, ట్రిగ్గర్ వేలిని నేర్పడానికి బాగా ట్యూన్ చేసిన స్ప్రింగు రైఫిల్‌ను మించిన గురువు లేదు, ఎందుకంటే అది ఏ పొరపాటునూ దాచదు. పలాసలోనో టెక్కలిలోనో ఒక కాలేజీ పది మీటర్లకు మించిన పొడవైన గదిని, గోడ వెనక మనిషి తిరగని చోటును, పెల్లెట్‌ను ఆపే ఇనుప పెట్టెను, కళ్ళద్దాలను సమకూర్చి, పెద్దల పర్యవేక్షణలో నేర్పడం మొదలుపెడితే చాలు. జాతరలో బూర కొట్టి మురిసిన పిల్లకు ఆ ఆనందాన్ని విద్యగా మార్చుకునే చోటు దొరుకుతుంది. సిక్కోలులో ఆ ఏర్పాటు ఎవరు చేసినా వాళ్ళకు చేయందించడం మనందరి బాధ్యత.