‘దౌ’ అను మాట

నేను నక్కపల్లిలో ఉపాధ్యాయుడనై యున్న దినములలో ఒక బాలుడు సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునకు ఆంగ్లమున లేఖ వ్రాసెను. అందు ‘యూ’ అనవలసిన చోట్లనెల్ల ‘దౌ’ అని వ్రాసెను. తోటివారు పక్కున నవ్విరి. కారణ మడుగగా ఆ బాలుడు, “ప్రార్థనలలో దేవుని ఈ మాటతోనే కదండీ సంబోధింతురు! ఇంతకంటె గౌరవమైన మాట మరి యేమున్నది?” అనెను. అతని తర్కము మెచ్చదగినదే. కాని యథార్థము వేరు.

‘దౌ’ అనగా ‘నీవు’. ప్రాచీనాంగ్లమున ఒక్కరితో మాటలాడునపుడు ‘దౌ’ అనియు, పలువురితో మాటలాడునపుడు ‘యీ’ అనియు ననుచుండిరి. అప్పుడు గౌరవభేదము లేదు. ఆ ‘యీ’ యొక్క విభక్తిరూపమే నేటి ‘యూ’. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మర్యాదలు అచట వ్యాపించెను. 13వ శతాబ్దము నుండి పెద్దలను బహువచనముతో సంబోధించుట క్రమముగా అలవాటయ్యెను. మన ‘మీరు’ వంటిదే అదియును. ‘దౌ’ ఆప్తులకును, పిన్నలకును, సేవకులకును మిగిలెను.

కావుననే అది తిట్టుగా కూడ మారెను. 1603లో సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహ విచారణ జరిగినపుడు, ప్రభుత్వపక్షమున వాదించిన ఎడ్వర్డు కోకు అతనిని నిండుసభలో ‘దౌ’ అని అవమానించెను. ఆ శతాబ్దముననే జార్జి ఫాక్సు అనుచరులగు క్వేకరులు, మనుష్యులెల్లరు సమానులే యని తలచి, ధనికులను, అధికారులను సైతము ‘దౌ’ అనియే పిలిచిరి. అందులకై తిట్లును దెబ్బలును సహించిరి.

మరి ప్రార్థనలలోని కది యెట్లు వచ్చెను? 1611లో వెలువడిన జేమ్సు రాజు నాటి బైబిలు అనువాదమున మూలమందలి ఏకవచనమునకు ‘దౌ’ అనియే వ్రాసిరి. అందు దేవునకును అదే మాట, దొంగకును అదే మాట. తరువాత సామాన్యవ్యవహారమున ఆ మాట మరుగుపడి, ముఖ్యముగా ప్రార్థనలలోను కవిత్వములోను నిలిచెను. నిత్యము వినబడని మాట గనుక మనకు గంభీరముగా తోచుచున్నది.

బాలబాలికలారా! మన ప్రాచీనకవులును రాజును, దేవుని ‘నీవు’ అనియే సంబోధించిరి. ఇంట అమ్మను ‘నువ్వు’ అందుము. వీథిలో ముక్కుమొగ మెరుగని వృద్ధుని అట్లనిన తప్పగును. నిఘంటువు అర్థమును మాత్రమే చెప్పును. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అనిరో కూడ మనము విచారింపవలెను.

ఆ బాలుడు లేఖను దిద్ది వ్రాసెను. నవ్వినవారిలో నొక్కరికిని తెలియని ఈ సంగతి, అతని పొరపాటు వలననే ఆనాడు తరగతి కంతకును తెలిసెను.