ఇప్పసీమలో ఇంటి వెల

భూమికి వెల కట్టువాని కన్ను వేరు; భూమిపై బ్రదుకువాని కన్ను వేరు. మొదటివాడు చదరపు గజములను లెక్కించును. రెండవవాడు తరములను లెక్కించును. ఈ రెండు లెక్కలును ఒకచోట నెదురుపడినప్పుడు ఏది నెగ్గవలెనను ప్రశ్న నేడు మేడారమున మిక్కిలి స్పష్టముగా పొడసూపుచున్నది. కావున ఆ పల్లెను నిదర్శనముగా గైకొని యీ విషయమును విచారింతము.

మేడారము నెరుగని తెలుగువాడుండడు. ఓరుగంటికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున, తాడ్వాయి అడవుల నడుమ, జంపన్నవాగు చెంత నున్న చిన్న కోయపల్లె యది. పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2019 నుండి ములుగు జిల్లాలోనిది. రెండేండ్ల కొకమారు మాఘపూర్ణిమ వేళ సమ్మక్క సారలమ్మల జాతర యిచట జరుగును. కన్నెపల్లి నుండి సారలమ్మయు, కొండాయి నుండి గోవిందరాజును, పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజును, చిలకలగుట్ట నుండి సమ్మక్కయు గద్దెలకు వేంచేయుదురు. 1996లో దీనిని రాష్ట్రోత్సవముగా ప్రకటించిరి. ఇటీవలి జాతరలకు వచ్చిన జనము కోటికి మించినదని ప్రభుత్వమువారి అంచనా. నాలుగుదినములు మహానగరము, తక్కిన కాలమంతయు కొలదిపాటి గడపల పల్లె. లోకమున నిట్టి యూరు మరి యెన్ని యుండును?

ఒక భూముల బేరగాడు ఈ పల్లెకు వచ్చెననుకొందము. అతడేమి చూచును? తాడ్వాయి మీదుగా పోవు జాతీయరహదారిని చూచును. అడవి నీడను, వాగు నీటిని చూచును. జాతరనాడు ఒక గది దొరకక తహతహలాడు యాత్రికుని జేబును చూచును. జాతర లేని దినములందు సైతము ఆది, బుధ, గురువారములలో మొక్కుబడులు చెల్లించుటకు వచ్చు కుటుంబములను చూచును. ములుగున వెలసిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును, 2021లో ప్రపంచవారసత్వ గౌరవమందిన పాలంపేట రామప్ప గుడిని కూడ తన పటమున గుర్తించుకొనును. ఇన్ని హంగులు గల చోట సత్రములు, విడిదియిండ్లు, తోటబంగళాలు కట్టి యమ్మినచో ఎంత లాభమని అతని మనస్సు తహతహపడును. అతనిని తప్పుపట్ట నక్కరలేదు. అది అతని వృత్తి.

కాని అతని సంచిలోని స్టాంపు కాగితము ఇచట పనిచేయదు. మేడారము రాజ్యాంగము నైదవ షెడ్యూలు క్రింది ప్రాంతము. 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు రెగ్యులేషను 1963లో తెలంగాణమునకును వర్తించెను. 1970 ఫిబ్రవరి 3వ తేదీన అమలులోనికి వచ్చిన సవరణతో దానికి కోరలు మొలచినవి. దాని ప్రకారము ఏజెన్సీలోని స్థిరాస్తిని, అమ్మువాడు గిరిజనుడైనను కాకున్నను, షెడ్యూల్డు తెగవానికి గాని, కేవలము వారే సభ్యులైన సహకార సంఘమునకు గాని తప్ప మరెవ్వరికిని బదలాయింపరాదు. బదలాయింపనగా విక్రయము మాత్రమే కాదు. తాకట్టు, కౌలు, దానము, మారకము, బినామీ వ్యవహారము అన్నియు నందు చేరును. అంతేకాదు, గిరిజనేతరుని స్వాధీనమందున్న భూమి గిరిజనుని నుండి సంక్రమించినదే యని చట్టము మొదట భావించును. కాదని రుజువుచేయు భారము స్వాధీనదారునిదే. ఈ సవరణను సుప్రీముకోర్టు 1988లో సమర్థించినది. 1997లో సమత వ్యాజ్యమున మరియొక యడుగు ముందుకు వేసి, ప్రభుత్వము సైతము ఈ చట్టమునకు లోబడిన 'వ్యక్తి'యే యనియు, షెడ్యూల్డు ప్రాంతపు సర్కారు భూములను గిరిజనేతర కంపెనీలకు కౌలుకీయరాదనియు తీర్పుచెప్పినది.

ఇంత కఠినమైన కట్టడి ఏల యవసరమయ్యెను? చరిత్రయే దీనికి సమాధానము. నిజాము రాజ్యమున అడవులను సర్కారు హద్దులు వేసి తనవిగా చేసికొనెను. పట్టా యన నేమో యెరుగని గోండు, కోయ జనులు తాము దున్నిన నేలపై తామే ఆక్రమణదారులైరి. వెలుపలినుండి వచ్చిన షావుకారులు, పట్టాదారులు ఆ నేలను కాగితములపై తమవిగా వ్రాయించుకొనిరి. 1940లో ఆదిలాబాదు జోడేఘాటున కొమురం భీము ప్రాణము లర్పించిన పిమ్మటగాని సర్కారు కన్ను తెరవలేదు. అటుపై హైమెండార్ఫు పండితుడు గిరిజనుల స్థితిగతులను పరిశీలించి నివేదికలు సమర్పించెను. 1946లో గిరిజన ప్రాంతముల రెగ్యులేషను వెలువడినది. చట్టము దయాభిక్షగా రాలేదు. రక్తము చిందిన పిదప వచ్చినది. ఈ సంగతి మరచి మాటలాడువారు చట్టమును వట్టి ఆటంకముగా తలంతురు.

ఇక నీ సీమ రుచియైన ఇప్పను గూర్చి చెప్పవలెను. సంస్కృతమున మధూకమని పేరొందిన ఈ వృక్షము కోయవాని కల్పతరువు. ఎండలు ముదురుతరి, రాత్రి తెల్లవారువరకును మెత్తని పూలు నేల రాలును. తెలతెలవారకమున్నే స్త్రీలును పిల్లలును బుట్టలతో చెట్లక్రిందికి పోయి యేరి తెత్తురు. ఆరబెట్టి నిలువచేసిన పూవు కొంత యాహారము, కొంత సంతలో సొమ్ము, కొంత సారా. గింజ నుండి నూనె వచ్చును. చేను కొట్టునప్పుడు తక్కిన చెట్లను నరికినను ఇప్పచెట్టును నిలుపుట ఆచారము. ఏ చెట్టు ఏ యింటివారిదో ఊరెల్ల నెరుగును. ఆ హక్కునకు దస్తావేజు లేదు, సాక్షి ఊరే. పుట్టువునను చావునను, పెండ్లియందును పండుగయందును, దేవతకు ధారపోయుటయందును ఇప్పసారా లేక కోయల క్రతువు సాగదు.

ద్రాక్షసారా సీమలను గూర్చి పాశ్చాత్యులు పొగడుదురు. అచటి తోట, అచటి నేల, అచటి సారా రుచి అన్నియు నొక్కటియే యని వారి గర్వము. మనకట్టి సీమ లేదని యెవ్వరనిరి? ఇప్పచెట్టు నీడన నున్న యీ పల్లెలు అట్టివే. అయితే అచట సారా భూమి వెలను పెంచినది. ఇచట సారాయే భూమిని హరించు సాధనమైనది. అబ్కారీ రాబడి నిజాము ఖజానాకు ముఖ్యాధారములలో నొకటి. ఇంట కాచుకొను పూసారా నేరమయ్యెను. గుత్తదారు నమ్ము సారా న్యాయమయ్యెను. గుత్తదారు అరువిచ్చెను, అరువు అప్పయ్యెను, అప్పు భూమిని మ్రింగెను. సీసా మొదట వచ్చును, పత్రము తరువాత వచ్చును. గిరిజన ప్రాంతములందు భూమి చేజారిన తీరులలో నిది మిక్కిలి పాతది.

ఈ సంబంధమును గుర్తెరిగియే కాబోలు, 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీల విస్తరణ చట్టము, అనగా పీసా చట్టము, ఒక్క నిబంధనలోనే వరుసగా ఈ యధికారములను గ్రామసభకును పంచాయతీలకును దఖలుపరచినది: మాదకద్రవ్యముల విక్రయమును నిషేధించుట లేక క్రమపరచుట, చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యము, భూమి యన్యాక్రాంతము కాకుండ నాపి, అక్రమముగా పోయినదానిని మరల నిప్పించుట, సంతల నిర్వహణము, వడ్డీవ్యాపారముపై అదుపు. చదువరులు ఈ వరుసను గమనింతురు గాక! సారా, పూవు, భూమి, సంత, అప్పు. ఒకదాని నొకటి పట్టుకొని యున్న గొలుసు అది. ఒక్క కడియము తెగినను తక్కినవి నిలువవు.

మరి చట్టముండగా భయమేల యందురా? చట్టమునకు దొడ్డిదారులు గలవు. భూమి ఒక గిరిజనుని పేర నుండును, పెట్టుబడియు లాభమును మరియొకనివి. నాలుగుదినముల జాతరకు పెరటిని యాత్రికుల విడిదికిచ్చుట వేరు. ఏండ్ల తరబడి చేతివ్రాత కాగితముపై స్థలమును దుకాణమునకో సత్రమునకో అప్పగించుట వేరు. మొదటిది ఆతిథ్యము, రెండవది మారుపేరు పెట్టిన విక్రయము. 1978లో ఈ చట్టమునకు చేర్చిన శిక్షానిబంధనలో జరిమానా గరిష్ఠముగా 2,000 రూపాయలు. ఖైదు ఒక సంవత్సరము. లక్షల బేరమునకు రెండువేల భయమా! తమ భూమిని తిరిగి పొందగోరు గిరిజనుడు కచ్చేరీ మెట్లెక్కి దిగుటలోనే సగమాయువు గడచిపోవును.

ఈ చట్టమునకు విరుద్ధముగా చెప్పబడు వాదములనుగూడ నిష్పక్షపాతముగా వినవలెను. అమ్మరాని భూమికి అప్పు పుట్టదని యొకరందురు. బ్యాంకులకును సహకార సంఘములకును స్వాధీనము వదలకయే తాకట్టు పెట్టుకొనుటకు చట్టము వీలిచ్చినది. బాకీకై వేలము వేసినను కొనువాడు గిరిజనుడే కావలెను. కొనుటకు గిరిజనుడు దొరకనిచో ప్రభుత్వమే పరిహారమిచ్చి తీసికొనుటకును నిబంధన గలదు. వాదములో బలము లేదనను. బ్యాంకులు ముందుకు రావు, ప్రభుత్వము చురుకుగా కదలదు. లోపము అమలులోనిదే గాని సూత్రములోనిది కాదు. తరములుగా నచటనే పుట్టి పెరిగిన పేద గిరిజనేతరుల మాట యేమని మరియొక ప్రశ్న. వారి గోడు నిజమైనదే. ఒక చిన్నయిల్లు కొనుటయు, అమ్ముటయు వారికి దుర్లభము. దానికి మందు గిరిజనుని కంచెను పడగొట్టుట కాదు. నివాసమునకు నీడ కల్పించు బాధ్యత ప్రభుత్వమునది.

అన్యదేశానుభవము మనకొక పాఠము చెప్పుచున్నది. అమెరికా కాలిఫోర్నియాలోని నాపా లోయ ద్రాక్షసారాకు జగత్ప్రసిద్ధము. 1968లో ఆ కౌంటీవారు లోయను వ్యవసాయ రక్షితప్రాంతముగా ప్రకటించి, భూమిని చిన్నముక్కలుగా నరికి యిండ్ల స్థలములుగా అమ్మకుండ కట్టుబాటు చేసిరి. ఆ దేశమున నిట్టిది మొదటిది. తోటలు నిలిచినవి, లోయ యందము చెడలేదు. కాని భూమిని దేనికి వాడవలెనో శాసించిరేగాని ఎవడు కొనవలెనో శాసింపలేదు. ధనవంతులు కొనిరి, వెల మిన్నంటినది, ద్రాక్షలు కోయు కూలివానికి ఆ లోయలో నిలువ నీడ కరవయ్యెను. తుదకు 2002లో తోటల యజమానులే ఎకరమున కింతయని తమపై పన్ను వేసికొని కూలీల వసతిగృహములకు సాయపడవలసివచ్చినది. అచట భూమిని కాచిరి, మనుజుని కాచుట మరచిరి. మన చట్టము మనుజుని కాచుటకు పూనుకొన్నది. ఆ మేలిమి నెరుగక, 'అభివృద్ధి'కి అడ్డమని దానిని సడలింపగోరుట చేతిరత్నమును పారవేసి గాజుపూసను ఏరుకొనుటయే.

అయినను కంచె యొక్కటే ఇల్లు కాదు. కంచెలోపలి బ్రదుకును చూడవలెను. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి గోవిందరాజు వెలసిన కొండాయిని ముంచివేసి పలువురి ప్రాణములను బలిగొన్నది. 2024 ఆగస్టు 31న పెనుగాలి తాడ్వాయి, మేడారము అడవిలో వేలకొలది చెట్లను వ్రేళ్లతో పెకలించినది. సారవంతమని మనుజులు చేరిన వాగుగట్టే మృత్యుముఖమైనపుడు, మెరకస్థలమున గట్టియిండ్లు ఎవరు కట్టింతురు? ఛత్తీస్‌గఢ్ కల్లోలమునుండి పారివచ్చిన గొత్తికోయల స్థితి మరియు దుర్భరము. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచ గూడెమున వారి గుడిసెలను అటవీశాఖవారు కూల్చిరి. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వము సాగుచేసిన గిరిజనునికి పది యెకరముల వరకు హక్కు నొసగుచున్నది. ఆ హక్కు వారసులకు సంక్రమించునుగాని అమ్ముడుపోదు. ఆ తేదీకి వెనుక వచ్చినవాని కేది గతి? సరిహద్దు రేఖ కావల పుట్టిన కోయ, ఈవల కోయ కాకపోవునా? భూమి నమ్మరాదను న్యాయమునకు, ఉన్నవాని గుడిసె నకారణముగా కూల్చరాదను న్యాయము జోడు కావలెను.

ఇక కర్తవ్యమేమి? మొదటిది, జాతరకు కావలసిన విడిదులను, దుకాణములను గ్రామసభ యనుమతితో గిరిజన సహకార సంఘములే కట్టి నడుపవలెను. చట్టము వారికి తలుపు తెరచియే యున్నది. కోటిమంది యాత్రికులు వెచ్చించు సొమ్ములో న్యాయమైన భాగము ఊరి గడపలకు చేరినచో, బినామీల కాలు కదలిపోవును. రెండవది, బదలాయింపు వ్యాజ్యములకు గడువు విధించి తీర్పించవలెను. నాటి జరిమానాను నేటి వెలలకు తగినట్లు పెంచవలెను. మూడవది, జాతరలో సీసాసారా విక్రయమును గూర్చి నిర్ణయించు హక్కును కాగితముపై గాక నిజముగా గ్రామసభకు విడువవలెను. 1992లో దూబగుంట స్త్రీలు రగిల్చిన సారావ్యతిరేకోద్యమము ఒక రాష్ట్రప్రభుత్వమునే కదలించినది. తాడ్వాయి స్త్రీల మాటకు ఆ పాటి విలువ లేకపోవునా? నాలుగవది, ఇప్పపూవునకు గిరిజన సహకార సంస్థ ద్వారా గిట్టుబాటు ధర యీయవలెను. పూవునకు వెల యున్నంత కాలము భూమి నమ్ముకొను నవసరము రాదు.

కప్పము చెల్లింపలేని కరవుకాలమున రాజసైన్యము నెదిరించి, తన వారి నేలకై ప్రాణములొడ్డిన తల్లిగా సమ్మక్కను జనులు కొలుతురు. ఆమెకు మొక్కుగా బెల్లమును బంగారమని సమర్పింతురు. నిలువెత్తు బంగార మర్పించువారు ఆ తల్లి యెందుకొరకు పోరినదో ఒక్కసారి తలపోయవలదా? ఆమె గద్దెల చుట్టునున్న నేల ఆమె బిడ్డలదిగా నిలుపుటకన్న మించిన మొక్కు వేరొండు లేదు. బేరగాడు వచ్చి వెల యడిగినప్పుడు, ఈ నేలకు వెల లేదని చెప్పగల ధైర్యము పల్లెకు చట్టమిచ్చినది. ఆ మాట నిలువబెట్టుకొను శక్తిని మాత్రము సమాజమును, ప్రభుత్వమును కలిసి యీయవలసియున్నవి.