పింఛను అయ్యవార్లూ, ఆస్పత్రి బిల్లులూ

ముప్పయ్యేళ్లు జిల్లా పరిషత్తు హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారికి ఆళ్లగడ్డలోనో, ప్రొద్దుటూరులోనో అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిందనుకోండి. హెల్తు కార్డు ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో అని ఇంటిల్లిపాదీ వాకబు చేస్తూ కూర్చోవడం ఒట్టి తెలివితక్కువ. 108కి ఫోను చేయండి. చికిత్స దొరికే దగ్గరి ఆస్పత్రికి చేర్చండి. డబ్బు సంగతి తర్వాత.

తర్వాత ఎలా అంటారా? 2018లో సుప్రీంకోర్టు శివకాంత్ ఝా అనే రిటైరైన కేంద్ర ఉద్యోగి కేసు విన్నది. ఆస్పత్రి పేరు సర్కారు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చరాదని చెప్పింది. అలాగని మురిసిపోకండి. 1998లో పంజాబు కేసులో అదే కోర్టు, ప్రభుత్వ ఖజానాకూ హద్దులుంటాయి గనుక రేట్లకు పరిమితి పెట్టవచ్చునంది. అంటే హక్కు ఉంది, కానీ వేసిన బిల్లంతా రాదు సుమా!

మన రాష్ట్రంలో 1972 నాటి వైద్య సహాయ నిబంధనల ప్రకారం రీయింబర్స్‌మెంట్ ఉండేది. 2013లో హెల్తు కార్డుల పథకం వచ్చింది. పాత పద్ధతిని ప్రభుత్వం గడువులు పొడిగిస్తూ నడుపుతూ వచ్చింది. ఇప్పుడు గడువు ఎందాకా ఉందో సబ్ ట్రెజరీలోనో, పింఛనర్ల సంఘంలోనో అడగండి.

క్లెయిములు ఎక్కువగా దెబ్బతినేది జబ్బు దగ్గర కాదు, కాగితాల దగ్గర. డిశ్చార్జి అయ్యే రోజునే ఎమర్జెన్సీ సర్టిఫికెట్టూ, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టూ డాక్టరు సంతకం, సీలుతో తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు జాగ్రత్త. అన్నిటికీ జెరాక్సు తీయండి. ఇంటికొచ్చిన ఆరు నెలల్లోగా దాఖలు చేయాలి. మంచం దిగాక చూద్దాంలే అంటే గడువు దాటిపోతుంది.

మోకాలి ఆపరేషను లాంటివాటికి ఈ అత్యవసరపు మినహాయింపు ఆశించకండి. అవి ముందే తెలిసిన పనులు. కర్నూలు నుంచి హైదరాబాదుకో, కడప నుంచి వేలూరుకో బస్సెక్కేముందే ఆ ఆస్పత్రి జాబితాలో ఉందా, ఆ జబ్బుకే ఉందా అని కార్డులు చూసే కౌంటరుకు ఫోను చేసి కనుక్కోండి. ఆస్పత్రి ఉండి, ఆ విభాగం లేకపోవడం కద్దు.

ఇంకొకటి. కుటుంబ పింఛను తీసుకునేవారికీ ఈ పథకంలో చోటుంది. అయ్యవారు కాలం చేసిన ఇళ్లలో అమ్మగారి పేర కార్డు మార్పించారో లేదో ఈ వారమే చూడండి.