మన దారులు – మోటారు సైకిలు సర్వీసు

మహానంది చుట్టుపక్కల పల్లెల్లో మోటారు సైకిలు షికారు బండి కాదు. అరటి గెలలు, పాల క్యాన్లు, యూరియా బస్తాలు అన్నీ దాని మీదే. మా నాయన కూలికి పోయేదీ దాని మీదే. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే రెండు రోజుల కూలి పోయినట్లే. సెలవులకు ఇళ్ళకు పోయే హాస్టలు తమ్ముళ్ళు ఈ సంగతులు తెలుసుకుంటే ఇంట్లోవాళ్ళకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

కొత్త బండితో ఒక పుస్తకం ఇస్తారు. మా ఇంటికి వచ్చింది ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కడినే కాబట్టి చదివి చెప్పే పని నాకే పడింది. అందులో సర్వీసు పట్టికలో కిలోమీటర్లు, రోజులు రెండూ ఉంటాయి. ఏది ముందు వస్తే అప్పుడు చేయించాలి. "మా బండి ఎక్కువ తిరగదు, సర్వీసెందుకు?" అనేవాళ్ళు రోజుల లెక్క మరిచిపోతారు. పొలం దాకా రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరి కాక ఆయిలులో కలిసి దాన్ని చెడగొడుతుంది.

ఆయిలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన బైకుల్లో ఇంజనుకు, గేర్లకు, క్లచ్ ప్లేట్లకు ఒకటే ఆయిలు. కారులో గేర్లకు వేరే ఉంటుంది. అందువల్ల చవకని కారు ఆయిలు పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. డబ్బా మీద 'జాసో ఎం.ఎ.' అని ఉందేమో చూడండి. స్ప్లెండర్ వంటి 100 సి.సి. బండ్లకు 10డబ్ల్యు-30 రకం వాడతారు. పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ పెట్రోలులో ఆయిలు కలపాలంటారు. అది లూనా, పాత ఎక్స్.ఎల్. వంటి టూ స్ట్రోక్ బండ్ల పద్ధతి. ఫోర్ స్ట్రోక్ బండికి అక్కరలేదు.

ఎయిర్ ఫిల్టరుకు మాత్రం పట్టికలోని కిలోమీటర్లు మన దారులకు చాలవు. దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే చూడాలని ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఫిల్టరు దాటిన దుమ్ము పిస్టను రింగులను అరగదీస్తుంది. నీలం పొగ వచ్చేసరికి బోరు పని తప్పదు. ఫిల్టరు ఖర్చు వందల్లో, బోరు ఖర్చు వేలల్లో. స్పాంజి ఫిల్టరయితే కడిగి, ఆరబెట్టి, ఆయిలు పట్టించి వాడవచ్చు. కాగితం ఫిల్టరును కడగరాదు, మార్చాలి.

చైను బిగుతుగా ఉంటే మంచిదనుకోవడం పొరపాటు. బస్తా వేస్తే వెనుక భాగం కుంగి చైను ఇంకా బిగుసుకుంటుంది, బేరింగు దెబ్బతింటుంది. సుమారు ఒక అంగుళం వదులుండాలి. చైను కవరుకున్న రబ్బరు మూత తీసి వేలితో ఆడించి చూడవచ్చు.

బ్రేకు వదులైందని నట్టు బిగిస్తూనే పోతారు. డ్రమ్ము దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు అది పక్కనున్న గుర్తును చేరితే షూలు అరిగిపోయినట్లే. ఇక బిగించి లాభం లేదు, మార్చాలి. ముందు చక్రం షూలనూ చూడమనండి, మన దగ్గర చాలామందికి ముందు బ్రేకు గుర్తే రాదు. గాజులపల్లె మీదుగా గిద్దలూరు పోయే దారిలో నల్లమల ఘాటు దిగేటప్పుడు రెండు బ్రేకులూ కావాలి. క్లచ్ పట్టుకుని దిగకుండా చిన్న గేరులో దిగితే షూలు కూడా ఎక్కువ రోజులు వస్తాయి.