తావు వీడిన రాయి



మన తెలంగాణపు పల్లెలలో పొలము దున్నునపుడు నాగటికఱ్ఱుకు పాత కుండపెంకులును, పూసలును, ఒక్కొక్కప్పుడు నాణెములును తగులుచుండును. అట్టివి విస్తారముగా దొరకు చోటును మనవారు పాటిగడ్డ యందురు. వస్తువు చేతికి రాగానే మనసున రెండు ప్రశ్నలు పుట్టును. దీని వెల యెంత? ఇది యిచ్చటి కెట్లు వచ్చినది? మొదటిది వస్తువులను కూర్చుకొనువాని ప్రశ్న. రెండవది చరిత్రకారుని ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకే తన జీవితమును ధారపోసిన యొక పండితుని గూర్చి నేడు చెప్పదలచితిని. దానికి ముందు కూర్చుకొనువారి కథ కొంత వినవలెను.

అయిదువందల యేండ్లకు పూర్వము ఇటలీదేశమున ప్రభువులును మతగురువులును ప్రాచీన రోమకుల శిల్పములకై పోటీపడుచుండిరి. 1506లో రోమునగరమున నొక ద్రాక్షతోటలో, పాములు చుట్టుకొన్న తండ్రియు, ఇద్దఱు కుమారులును గల చలువరాతి విగ్రహము బయల్పడెను. మైకెలాంజిలో అను మహాశిల్పి దానిని చూడబోయెను. రెండవ జూలియస్ అను పోపు దానిని కొని తన తోటలో నిలిపెను. అదే నగరమున ఎన్నియో పాత చలువరాళ్లు సున్నపు బట్టీలలో కాలిపోవుచుండెను. 1515లో పదవ లియో అను పోపు రాఫెల్ అను చిత్రకారునకు అధికార మిచ్చి, అక్షరములున్న రాతిని అతని యనుమతి లేనిదే ఎవరును చెక్కరాదని ఉత్తరువు చేసెను. క్రొత్తగా కట్టుచున్న గుడికి రాళ్లు కావలసియే ఆ యధికార మిచ్చినను, అక్షరమును కాపాడవలెనను బుద్ధి అందు కనబడుచున్నది.

మన దేశమునను ఇట్టి కథయే జరిగినది. కృష్ణయొడ్డున అమరావతిలోని బౌద్ధస్తూపమును 1797లో మెకంజీ దొర చూచునప్పటికే దాని రాళ్లు క్రొత్త కట్టడములకు పోవుచుండెను. కొన్ని సున్నముగా మాఱెను. మిగిలినవానిలో పెక్కు లండనునకును, చెన్నపట్టణమునకును చేరినవి. అవి అచ్చట భద్రముగనే యున్నవి. కాని అవి నిలిచిన స్తూపము మాత్రము చెదరిపోయినది.

ఇక మన పండితుడు గులాం యజ్దానీగారు. ఆయన 1885లో ఢిల్లీలో జన్మించిరి. 1914లో హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ నేర్పఱచినపుడు దానికి తొలి అధికారియై 1943 వఱకు పనిచేసిరి. శాఖ పుట్టిన మరుసటి సంవత్సరమే, నాడు సంస్థానములోనిదై నేడు కర్ణాటకమునకు చేరిన మాస్కి గ్రామమున, బంగారుగనుల పని చూచు బీడన్ అను ఇంజనీరు ఒక బండపై వ్రాత కనుగొనెను. అంతకు పూర్వము దొరకిన ధర్మలిపులలో దేవతలకు ప్రియుడను బిరుదే కాని, రాజు పేరు లేదు. ఈ బండపై అశోకుడను పేరు స్పష్టముగా నున్నది. ఆ బండను ఎవరైన పగులగొట్టి గోడకు వాడియుండినచో మన కెంత నష్టము!

యజ్దానీగారు పాలంపేటలోని రామప్పగుడిని గూర్చి 1922లో గ్రంథము ప్రకటించిరి. కొండాపురమున 1940 ప్రాంతమున త్రవ్వించి శాతవాహనుల నాణెములును, మట్టిబొమ్మలును, పూసలును వెలికితీసిరి. అజంతాగుహల చిత్రములపై ఆయన వ్రాసిన నాలుగు సంపుటములు 1930 మొదలు 1955 వఱకు వెలువడినవి. ఆ చిత్రములు పెచ్చులూడుచుండగా 1920లో ఇటలీనుండియే చెక్కోని, ఒర్సీని అను నిపుణులను సంస్థానమువారు రప్పించిరి. వారు ఊడిన పెచ్చులను గోడకు అతికించి నిలిపిరి. కాని పైన పూసిన లక్కమెఱుగు కాలక్రమమున పసుపువన్నెకు మాఱి చిత్రములను మసకపఱచినది. కాపాడు చేయియు తప్పు చేయగలదు. అందుచేతనే చేసిన ప్రతి పనిని, దొరకిన ప్రతి చోటును వ్రాసి యుంచుట ఈ విద్యకు ప్రాణము. నాణెము ఒంటరిగా దొరకిన లోహపు ముక్క మాత్రమే. ఏ పొరలో, ఏ కుండ ప్రక్కన దొరకినదో తెలిసినచో అది సాక్షియగును.

ఇందు నా తప్పును చెప్పుకొనవలెను. చిన్నతనమున మా చేనిగట్టున అక్షరములు గల రాయి యొకటి యుండెను. దానిపైననే మేమందఱము కొడవళ్లు నూఱితిమి. నాకు చరిత్రపై ఆసక్తి కలిగి మరల పోయి చూడగా రెండు గీతలు తప్ప మిగులలేదు. ఆ భూమి నెవరు దానమిచ్చిరో, ఏ చెఱువు నెవరు త్రవ్వించిరో, ఇక ఎవరును చెప్పజాలరు.

కావున మన రాజంపేట పరిసరముల పెద్దలకు నా మనవి. వ్రాతరాయి కనబడిన కదలింపకుడు, సున్నము పూయకుడు. నాణెములు దొరకిన కడుగక, పంచుకొనక, ఆ చోటును గుర్తుంచి తహశీలుదారునకు తెలుపుడు. ఉన్నచోట నున్నదానికి గౌరవ మెట్లు కలుగునో మనకు దగ్గఱనే కలదు. దోమకొండ కోటను శ్రద్ధతో బాగుచేసినందులకు 2022లో యునెస్కోవారి పురస్కారము లభించినది. మీ యూరి రాతిని చదువు పండితుడు నేడు రాకపోవచ్చును. అతడు వచ్చునంతవఱకు దానిని నిలిపి యుంచుట మన పని.